డబ్బాలో పొడి, చేతిలో తడి

తెలుగువారి వంటింటి అరల్లో రెండు రకాల డబ్బాలుంటాయి. రోజూ మూత తీసేవి కొన్ని, ఎప్పుడైనా అవసరం పడుతుందని మూత బిగించి పెట్టేవి కొన్ని. ఉప్పు, పప్పు, పోపు సామాను మొదటి రకం. రెండవ రకంలో కందిపొడి ఉంటుంది, కరివేపాకు పొడి ఉంటుంది, పసిపిల్లలున్న ఇంట్లో వేయించి విసిరిన చోడిపిండి ఉంటుంది. (చోళ్ళంటే రాగులు. మా శ్రీకాకుళం వారికి రాగులన్న మాట బడికి వెళ్ళాకనే తెలుస్తుంది.) ఈ రెండవ రకం డబ్బాలంటే నాకు మొదటినుండీ ఒక గౌరవం. అవి ఇంకా రాని అతిథి కోసం, ఇంకా వేయని ఆకలి కోసం ఎవరో ముందుగా చేసి ఉంచిన ఏర్పాట్లు.

మా కవిటి ఇంట్లో అటువంటి డబ్బాలన్నిటికీ పెద్ద మినపసున్ని డబ్బా. సున్నిపిండి అని రాద్దామనుకున్నాను గానీ, ఆ మాట వినగానే చాలామందికి పండుగనాటి నలుగుపిండి గుర్తుకొస్తుంది. నేను చెప్పేది సున్నుండల పిండి సంగతి. పొట్టుతో ఉన్న మినుములు కిలో, గుప్పెడు బియ్యం. మా నాయనమ్మ వీటిని మంగలంలో సన్నని సెగ మీద, వాసన వీధి దాకా వెళ్ళేవరకూ దోరగా వేయించి, చల్లారాక తిరగలిలో విసిరేది. ఆ పిండిని తగరపు డబ్బాలో పోసి, మూత కింద గుడ్డ వేసి బిగించేది. బెల్లం అందులో కలిపేది కాదు. నెయ్యి అసలే కాదు. ఎవరైనా వచ్చినప్పుడు గిన్నెడు పిండి తీసి, ముప్పావు గిన్నె బెల్లం దంచి కలిపి, కాచిన నెయ్యి పోసి, వేడి తగ్గకముందే ఉండలు చుట్టేది. వచ్చినవారు కాళ్ళు కడుక్కొని కూర్చునేసరికి పళ్ళెంలో సున్నుండలు సిద్ధం.

బెల్లం ముందే ఎందుకు కలపవని అడిగితే, "తడి తగిల్తే నిలవుండదమ్మా" అనేది. రసాయనశాస్త్రం అంతా ఆ ఒక్క మాటలో ఉంది. బెల్లం గాలిలోని చెమ్మను లాగుతుంది. కవిటి సముద్రానికి దగ్గర. మా గాలిలో వానాకాలమే కాదు, ఎండాకాలం కూడా చెమ్మ ఉంటుంది. బెల్లం కలిపిన పిండి పది రోజుల్లో గడ్డకడుతుంది. నెయ్యి కలిపితే కొన్నాళ్ళకు కారువాసన వేస్తుంది. ఏది నిలవ ఉంటుందో అది డబ్బాలోకి, ఏది ఉండదో అది చివరి నిమిషానికి. పొడిమిశ్రమం అనే విద్యకు ఉన్న సూత్రం ఇదొక్కటే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, కొన్నాళ్ళుగా నేను బ్రౌనీ మిశ్రమం ఇంట్లో చేసి డబ్బాలో పెట్టుకుంటున్నాను. మా అక్క పిల్లలు సెలవులకు కవిటి వస్తారు. వారికి సున్నుండలు ఇష్టమే గానీ బ్రౌనీ అంటే ప్రాణం. నేను హైదరాబాదు నుండి బయలుదేరేటప్పుడు ఆ మిశ్రమం డబ్బా సంచిలో వేసుకుంటాను. సోంపేట స్టేషనులో దిగి ఇంటికి చేరేసరికి, "పిన్నీ, తెచ్చావా?" అన్నదే మొదటి పలకరింపు.

బజారులో అట్టపెట్టెల్లో దొరుకుతుంది కదా అంటారేమో. దొరుకుతుంది. కానీ దాని వెనుక జాబితా చదివితే అందులో ఉన్నవన్నీ మన అరల్లో ఉన్నవే. మైదా, పంచదార, కోకో పొడి, ఉప్పు, బేకింగ్ పౌడరు. ఆ పెట్టె అమ్మేది వస్తువులను కాదు, కొలతను. కొలత తెలిస్తే పెట్టెతో పని లేదు. ఆ కొలత ఇదిగో.

మైదా 100 గ్రాములు
పంచదార 200 గ్రాములు (మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే చాలు, మెత్తని పొడి కానక్కరలేదు)
తీపి కలపని కోకో పొడి 50 గ్రాములు
బేకింగ్ పౌడరు అర చిన్నచెంచా
ఉప్పు పావు చిన్నచెంచా

మైదా, కోకో, బేకింగ్ పౌడరు, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించండి. కోకోలో చిన్న చిన్న ఉండలుంటాయి, అవి తరువాత ఎంత కలిపినా విడవవు, జల్లెడలోనే విడగొట్టాలి. తరువాత పంచదార కలిపి, పూర్తిగా ఆరిన గాజు సీసాలోకి ఎత్తుకోండి. ఇది ఒక వాయికి సరిపోయే కొలత. ఎన్ని వాయిలు కావాలంటే అన్ని సీసాలు. పెద్ద డబ్బాలో అంతా కలిపి పోయవద్దు. డబ్బా కదిలేకొద్దీ పంచదార పలుకులు, మెత్తని కోకో విడివడతాయి. ఒక వాయి చేదు, మరో వాయి తీపి అవుతాయి. చెమ్మ లేని చోట పెడితే రెండు మూడు నెలలు నిశ్చింత.

చేయదలచిన రోజున 100 గ్రాముల వెన్న కరిగించి, గోరువెచ్చగా అయ్యాక రెండు గుడ్లు గిలకొట్టి కలిపి, సీసాలోని పొడి అంతా వేసి, పిండి కనబడనంత వరకు మాత్రమే కలపాలి. ఎక్కువ కలిపితే సాగుడు వచ్చి కేకులా గట్టిపడుతుంది. బ్రౌనీ మధ్యలో కాస్త జిగురుగా ఉండాలి. ఓవెన్ ఉన్నవారికి 180 డిగ్రీల వేడిలో 25 నిమిషాలు. కవిటిలో మాకు ఓవెన్ లేదు. పాత ప్రెషర్ కుక్కరులో అడుగున రెండు గుప్పెళ్ళ ఉప్పు పోసి, దానిపై చిన్న కంచు, కంచుపై గిన్నె. మూతకు రబ్బరు, విజిలు రెండూ తీసేయాలి. పది నిమిషాలు ఖాళీ కుక్కరు వేడెక్కాక గిన్నె దించి, సన్నని మంట మీద 35 నుండి 40 నిమిషాలు. పుల్ల గుచ్చితే తడిపిండి రాకుండా, నాలుగు మెత్తని పలుకులు అంటుకొని రావాలి. అదే గుర్తు.

బ్రౌనీ పరాయి వంట అని పెదవి విరిచే పెద్దలు మా ఇంట్లోనూ ఉన్నారు. వారికి చెప్పడానికి నా దగ్గర ఒక చిన్న కథ ఉంది. అమెరికాలో ఫానీ ఫార్మర్ అనే ఆవిడ 1896లో ప్రచురించిన వంటల పుస్తకంలో బ్రౌనీలు అన్న పేరుతో ఉన్న వంటకంలో చాక్లెట్ లేదు. అవి మొలాసిస్‌తో, అంటే చెరుకురసం కాచి పంచదార తీయగా మిగిలిన నల్లని పాకంతో చేసిన చిన్న కేకులు. 1906 నాటి కూర్పులో గానీ ఆవిడ బ్రౌనీలోకి చాక్లెట్ రాలేదు. అంటే ఆ పేరుకు తొలిరంగు ఇచ్చింది మన బెల్లానికి దాయాది అయిన పాకమే.

పొట్లాం కట్టిన కేకు పిండి పుట్టుక కూడా ఆ పాకంతోనే ముడిపడింది. పిట్స్‌బర్గ్ నగరంలో పి. డఫ్ అండ్ సన్స్ అనే సంస్థ మొలాసిస్ వ్యాపారం చేసేది. మిగిలిపోతున్న సరుకును ఏమి చేయాలో తోచక, దానిని పిండితో కలిపి ఆరబెట్టి, నీళ్ళు కలిపితే చాలు కేకు అయ్యే పొడిగా మార్చారు. 1933లో పేటెంటు వచ్చింది. ఆ పొడిలో ఎండిన గుడ్డు కూడా కలిపి ఉండేది. రెండేళ్ళకు, 1935లో, అదే జాన్ డఫ్‌కు మరొక పేటెంటు వచ్చింది. అందులో ఎండిన గుడ్డు తీసేశారు. ఇల్లాళ్ళు తాజా గుడ్డు తామే వేసుకోవడానికి ఇష్టపడతారని ఆయన గ్రహించాడు.

అది చదివినప్పుడు నాకు నాయనమ్మ గుర్తుకొచ్చింది. పిట్స్‌బర్గ్‌లో ఆయనకు రెండు పేటెంట్ల తరువాత తెలిసింది, తిరగలి ముందు కూర్చున్న ఆవిడకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. డబ్బాలో అంతా ఉండకూడదు. చివర కలిపేది ఒకటి చేతికి మిగలాలి.

మా ప్రాంతంలో ఆ చివర కలిపేది ఏదో వేరే చెప్పాలా! ఉద్యానమన్న మాటే ఉద్దానమైందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస కలిసి ఎండపొడ పడనంత దట్టంగా పెరిగిన నేల. సున్నిలోకి తురిమిన ఎండుకొబ్బరి కలిపినా, బ్రౌనీ మీద జీడిపప్పు చల్లినా అవి మా చుట్టూ పండినవే. పలాస-కాశీబుగ్గ జీడి కర్మాగారాల పప్పు దేశమంతా వెళుతుంది. అక్కడ పప్పును పరిమాణాన్ని బట్టి అంకెలతో పిలుస్తారు. 240 రకం అంటే పౌను బరువుకు 220 నుండి 240 గుండ్లు తూగుతాయి, 320 రకం అంటే 300 నుండి 320. అంకె తగ్గేకొద్దీ గుండు పెద్దది, ధర ఎక్కువ. బ్రౌనీకి అంత ఆడంబరం వద్దు. ముక్క చాలు, రుచిలో తేడా లేదు. కానీ ఆ ముక్కను పొడిమిశ్రమంలో ముందే కలపవద్దు. పప్పులోని నూనె కారిపోతుంది. కొబ్బరికోరైతే మరీ, ఒక్క పూట దాటితే పులుస్తుంది. ఇక్కడొక విచిత్రం గమనించాను. బ్రౌనీ సీసాలో నిలవ ఉండే మైదా, కోకో ఎక్కడినుండో వచ్చినవి. నిలవ ఉండక చివరి నిమిషంలో కలిపేది మాత్రం మా ఊరిది.

ఆ చివరిది లేకుండా పోయిన రోజులు కూడా చూశాం. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు తోటలు చాలా దెబ్బతిన్నాయి. కోలుకున్నామనుకునేలోగా 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. తెల్లారి చూసేసరికి మా తోటలో నిలబడినవి లెక్కపెట్టడం సులువు, పడినవి లెక్కపెట్టడం కష్టం. రోజుల తరబడి కరెంటు లేదు. కట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆ మొదటి రెండు రోజులు ఇంట్లో వాళ్ళూ, గోడ కూలిన పక్కింటి వాళ్ళూ తిన్నది సున్ని డబ్బాలోని పిండి. నెయ్యి కరిగించడానికి నిప్పు లేక, బెల్లం ముక్క కొరుక్కుంటూ పొడిపొడిగానే తిన్నారట. పడిపోయిన చెట్ల బొండాలు కొట్టుకొని ఆ నీళ్ళు తాగారట. ఫోను కలిశాక మా అమ్మ ఇదంతా చెప్పి, చివర ఒక్క మాట అంది. "ఈ ఏడాదికి బొండాలకు కొదవలేదు, వచ్చే ఏడాదికే లేవు."

కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్ళు పడుతుంది. జీడి అంటుకట్టు మూడేళ్ళకు పూత పట్టినా, ఇంటిని నిలబెట్టే కాపుకు ఇంకా ఆగాలి. డబ్బా నింపుకోవడం రేపటి కోసం చేసే పని అయితే, మొక్క నాటడం అంతకన్నా పెద్ద డబ్బా నింపడం. తిత్లీ తరువాత ఆ పని మా ఇంట్లో చేసింది మా చిన్నాన్న. అరవై దాటిన వయసులో, ఆ కాయలు తాను తింటానో లేదో తెలియని ఆరోగ్యంతో, గోతులు తవ్వించి వరుసలు కట్టించాడు.

ఆరోగ్యం అన్నాను కనుక ఇక ఆ సంగతి చెప్పాలి. ఉద్దానం పేరు బయటివారికి ఈ రోజుల్లో కొబ్బరి వల్ల కాక మూత్రపిండాల జబ్బు వల్లనే ఎక్కువ తెలుసు. 1990ల నుండి మా మండలాల్లో ఇది కనబడుతోంది. మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా వస్తోంది. నీళ్ళని, వేడిమి అని, ఇంకొకటని పరిశోధనలు ఎన్నో జరిగినా ఇదీ కారణమని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుండి వంశధార నీటిని ఊళ్ళకు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. మా చిన్నాన్నకు జబ్బు అంతకు ముందే బయటపడింది. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్.

ఆయనకు ఇచ్చిన పథ్యం కాగితం చదివిన రోజు నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువ ఉన్నవి తినకూడదు. కొబ్బరి వద్దు. జీడిపప్పు వద్దు. పనస వద్దు. మినుములు, బెల్లం వద్దు. కోకో వద్దు. కొబ్బరినీళ్ళు అసలే వద్దు, గ్లాసుడు బొండాం నీళ్ళలో అరటిపండును మించిన పొటాషియం ఉంటుంది. మంచినీళ్ళు కూడా కొలిచి తాగాలి. ఉద్దానంలో పుట్టి, ఉద్దానాన్ని పండించిన మనిషికి ఉద్దానం మొత్తం వద్దు అని రాసిన కాగితం అది. సున్నుండలో ఉన్నవి దాదాపు అన్నీ అందులో ఉన్నాయి. బ్రౌనీలో ఉన్నవీ ఉన్నాయి. ఆఖరికి బేకింగ్ పౌడరు కూడా. చాలా రకాల బేకింగ్ పౌడర్లలో ఫాస్ఫేటు లవణాలుంటాయి, అవి ఒంటికి తొందరగా పడతాయి.

పిల్లలకు బ్రౌనీ కోసి పెడుతుంటే చిన్నాన్న అరుగు మీద నుండి చూసి, "ఇదేటమ్మా, మాడిపోనాదేటి?" అని నవ్వించాడు. ముక్క అడగలేదు. ఆయన ఏదీ అడగడు. ఇంట్లో తీపి చేసినప్పుడల్లా తోటలో పనుందని లేచి వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు. అది మాకందరికీ తెలుసు, తెలియనట్టు ఉంటాం. ఆయన డయాలసిస్ చేయించుకునే చోట పథ్యం చెప్పే అమ్మాయిని పట్టుకొని, ఏమి తినకూడదో కాదు, ఏమి తినవచ్చో చెప్పమన్నాను. మధుమేహం లేదు కనుక పంచదార కొద్దిగా పరవాలేదంది. ముడిధాన్యాల కన్నా మైదాలో పొటాషియం, ఫాస్ఫరస్ తక్కువంది. డయాలసిస్ చేయించుకునేవారికి మాంసకృత్తులు కావాలి, గుడ్డులో తెల్లసొన మంచిదంది. ఆరోగ్యం కోసం మనమంతా మానాలనుకునే తెల్లపిండి, తెల్లపంచదార ఆయనకు పనికొస్తాయి. ప్రకృతి ప్రసాదమని మనం పొగిడేవి ఆయనకు పనికిరావు. ఒకరి పథ్యం మరొకరి అపథ్యం అన్న సంగతి ఇంత సూటిగా నాకు ఎన్నడూ తెలియలేదు.

అలా మూడవ డబ్బా తయారైంది. మైదా 40 గ్రాములు, పంచదార పొడి 50 గ్రాములు, రెండు ఏలకుల పొడి, కలిపి జల్లించినవి. ఉప్పు లేదు, బేకింగ్ పౌడరు లేదు. మరో 50 గ్రాముల పంచదార విడిగా పొట్లం కట్టి అదే డబ్బాలో పెడతాను. చేసే రోజున నాలుగు గుడ్ల తెల్లసొన తీసుకొని, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి, గిన్నె బోర్లించినా జారనంత నురగ వచ్చేవరకు గిలకొట్టాలి. గిన్నెకు జిడ్డు అంటి ఉన్నా, పచ్చసొన చుక్క పడినా నురగ రాదు. పొట్లంలోని పంచదార కొద్దికొద్దిగా అందులోనే వేస్తూ గిలకొట్టి, ఆపైన పొడిని మూడు విడతలుగా, నురగ చావకుండా, గరిటెతో కిందనుండి పైకి తిప్పుతూ కలపాలి. నూనె, వెన్న ఏమీ వద్దు. గిన్నెకు కూడా రాయవద్దు, పిండి ఆ గోడలు పట్టుకొనే పైకి లేస్తుంది. అదే కుక్కరు, అదే ఉప్పు పరుపు, 30 నుండి 35 నిమిషాలు. దించగానే గిన్నె బోర్లించి చల్లారనివ్వాలి, లేకపోతే కుంగిపోతుంది. దూదిలా తెల్లగా వస్తుంది. పొంగడానికి పౌడరు అక్కరలేదు, చేతి సత్తువ చాలు.

ఇది మందు కాదని, ఆయనకు చెప్పిన కొలత ఒక చిన్న ముక్క మాత్రమేనని వేరే చెప్పనక్కరలేదు. ఒక్కొక్క రోగి రక్తపరీక్షను బట్టి పథ్యం మారుతుంది. మధుమేహం ఉన్నవారికి ఇది బొత్తిగా పనికిరాదు. ఎవరైనా తమ వైద్యులను అడిగాకే చేయాలి.

మొదటిసారి చేసినప్పుడు చిన్నాన్న ముక్క చేతిలో పట్టుకొని అటూ ఇటూ తిప్పి, "ఇందులో మనదేటీ నేదు గదమ్మా" అన్నాడు. నిజమే, కొబ్బరి లేదు, జీడి లేదు, బెల్లం లేదు. నేను జవాబు వెతుక్కుంటుంటే మా అక్క కొడుకు, "గుడ్లు మన కోళ్ళవే తాతా" అన్నాడు. చిన్నాన్న తిన్నాడు. తోటకు వెళ్ళలేదు.

డబ్బాల మీద ఏమి ఉందో రాసి అంటించడం సాధారణం. ఈ మూడవ డబ్బా మీద నేను వస్తువు పేరు రాయలేదు. "చిన్నాన్నది" అని రాసి, కింద కొలత రాశాను. అమ్మకు కళ్ళజోడు లేకపోయినా కనబడేంత పెద్ద అక్షరాలతో. నేను ఊళ్ళో లేనప్పుడు కూడా ఎవరో ఒకరు తెల్లసొన గిలకొట్టాలి కదా. పండుగ రోజున సున్ని, బ్రౌనీ, ఇది, మూడూ ఒకే పళ్ళెంలో ఉంటున్నాయి. ఒక మనిషి లేచి వెళ్ళనక్కర లేకుండా చేయడానికి 40 గ్రాముల మైదా ముందుగా జల్లించి ఉంచితే సరిపోయింది.

చిన్నాన్న నాటిన మొక్కల్లో ఒక వరుస కాపుకొచ్చింది. తొలి బొండాలు దించి పిల్లలకు కొట్టి ఇచ్చాడు. ఆయన తాగలేదు.

మిత్రులారా, మీ ఇళ్ళల్లోనూ ఇటువంటి పథ్యపు పొడులు, పిండివంటలు ఉండే ఉంటాయి. ఉప్పు తగ్గించినవి, పప్పు తీసేసినవి, మీ పెద్దవాళ్ళు ఎవరికోసమో కనిపెట్టినవి. కొలతలతో సహా రాయండి. మా మండలాల్లో అటువంటి డబ్బా అవసరమైన ఇళ్ళు చాలా ఉన్నాయి.